తీరిక వేళ: ఒకే కథకు ఐదు ముఖచిత్రాలు

తపాలా బిళ్ళలు సేకరించేవారు మన కాలనీలో వీధికొక్కరైనా ఉంటారు. పాత నాణేలు కూడబెట్టేవారినీ, అగ్గిపెట్టెల బొమ్మలు అంటించి పుస్తకాలు తయారుచేసే పిల్లలనూ ఎరుగుదుము. ఈ అభిరుచులన్నింటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే: తన వద్ద లేనిదానిని సంపాదించుకోవటం. తన వద్ద ఉన్న పుస్తకాన్నే మళ్ళీ కొనటం, అదీ నాలుగైదుసార్లు కొనటం కూడా ఒక అభిరుచేనని ఇటీవలి వరకు మాకు తెలియదు.

గత వేసవిలో మేము ఆర్జిత సెలవు తీసుకొని, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్న మా అన్నగారి అబ్బాయి ఇంటికి వెళ్ళాము. అతడు ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంటి కింది అంతస్తులో తెల్లని పొడవాటి అట్టపెట్టెలు పద్నాలుగు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆఫీసు ఫైళ్ళేమో అనుకొన్నాము. "కామిక్స్, బాబాయ్" అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. ఒక పెట్టె తెరిచి చూస్తే ఒకే సంచిక తొమ్మిది ప్రతులున్నాయి. లోపలి కథలో, బొమ్మలలో గీత తేడా లేదు. ముఖచిత్రం మాత్రం దేనికదే వేరు. వీటిని 'వేరియంట్ కవర్లు' అంటారట. అక్కడ ఉన్న ఆరు వారాలలో ఈ వ్యవహారాన్ని గురించి మేము తెలుసుకొన్న సంగతులు పాఠక మిత్రులతో పంచుకోవాలనిపించింది.

ఒకే సంచికను రెండు ముఖచిత్రాలతో వెలువరించే పద్ధతికి 1986లో డి.సి. సంస్థ ప్రచురించిన 'ది మ్యాన్ ఆఫ్ స్టీల్' మొదటి సంచికను తొలి ప్రసిద్ధ ఉదాహరణగా చెబుతారు. సూపర్‌మ్యాన్ కథను జాన్ బర్న్ కొత్తగా చెప్పిన పుస్తకమది. వార్తాపత్రికల దుకాణాలకు ఒక ముఖచిత్రం, కామిక్స్ మాత్రమే అమ్మే దుకాణాలకు మరొకటి కేటాయించారు. 1990లో టాడ్ మక్‌ఫార్లేన్ చేతిలో 'స్పైడర్‌మ్యాన్' కొత్త పత్రికగా ఆరంభమైనప్పుడు మార్వెల్ సంస్థ ఆకుపచ్చ, వెండి, బంగారు రంగుల ముఖచిత్రాలు వేసింది. కొన్ని ప్రతులను పాలిథీన్ సంచిలో మూసి అమ్మింది. సంచి చింపితే విలువ తగ్గుతుంది. చింపకపోతే కథ చదవటం కుదరదు. కనుక చదవటానికొకటి, దాచటానికొకటి కొనక తప్పదు.

1991లో ఇది పరాకాష్ఠకు చేరింది. క్రిస్ క్లేర్‌మాంట్ కథా రచనతో, జిమ్ లీ చిత్రాలతో వచ్చిన 'ఎక్స్-మెన్' మొదటి సంచికకు ఐదు ముఖచిత్రాలు. మొదటి నాలుగింటి వెల ఒక్కొక్కటి ఒకటిన్నర డాలరు. ఆ నాలుగింటినీ పక్కపక్కన పేరిస్తే ఒక పెద్ద యుద్ధ దృశ్యం ఏర్పడుతుంది. ఐదవదానిలో ఆ దృశ్యమంతా మడత అట్టపై ఒకేచోట ఉంటుంది. ఆ ఒక్క సంచిక 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడై గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అయితే ఆ ప్రతులు దుకాణాలు కొన్న ప్రతులని గుర్తుంచుకోవాలి. వాటిలో పాఠకుల ఇళ్ళకు చేరక దుకాణాల గిడ్డంగులలో మిగిలిపోయినవీ ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ అమెరికా కామిక్స్ వ్యాపారపు తీరు కొంత వివరించాలి. మన పత్రికల ఏజెంటు అమ్ముడుపోని ప్రతులను తిప్పి పంపగలడు. కామిక్స్ దుకాణదారుకు 1970ల నుండి స్థిరపడిన పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. తగ్గింపు ధరకు తెచ్చుకొంటాడు. మిగిలితే నష్టం అతనిదే. ఈ పద్ధతిని ఆధారం చేసుకొనే ప్రచురణకర్తలు 'నిష్పత్తి' వేరియంట్లు కల్పించారు. మామూలు ముఖచిత్రం గల ప్రతులు 25 తెప్పించుకొంటే ప్రత్యేక ముఖచిత్రం గల ప్రతి ఒకటి, లేదా 50కి ఒకటి, లేదా 100కి ఒకటి తెప్పించుకొనే అర్హత దుకాణదారుకు కలుగుతుంది.

లెక్కకు ఒక ఉదాహరణ చూద్దాము. ఒక దుకాణంలో ఆ పత్రిక నెలకు 30 ప్రతులే చెల్లుతుందనుకొందాము. నూటికొకటి వచ్చే ముఖచిత్రం కోసం దుకాణదారు 100 తెప్పిస్తే 70 మిగిలిపోతాయి. ఆ 70 ప్రతుల ఖర్చును రాబట్టుకోవటానికి ప్రత్యేక ప్రతి మీద ధర పెంచుతాడు. అనగా ఆ ఒక్క ముఖచిత్రాన్ని కొన్నవాడు, ఎవరూ చదవని 70 పుస్తకాల ఖర్చును కూడా భరిస్తున్నాడన్నమాట.

సేకర్తల చిక్కులు ఇంతటితో తీరవు. కొన్ని ముఖచిత్రాలు ఒక ఊరిలోని ఒకే దుకాణం కోసం వేస్తారు. 2011లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 666వ సంచికకు దుకాణాల పేర్లతో వేసిన ముఖచిత్రాలు నూటికి పైగా ఉన్నాయి. 2018లో 'యాక్షన్ కామిక్స్' 1000వ సంచిక వచ్చినప్పుడు 1930ల నుండి 2000ల వరకు ఒక్కొక్క దశాబ్దపు శైలిలో ఒక్కొక్క ముఖచిత్రం వేశారు. అవిగాక ఇతర ముఖచిత్రాలు వేరు. తపాలా బిళ్ళల సేకర్త ఏదో ఒకనాటికి ఒక సెట్టు పూర్తిచేసి తృప్తిగా ఆల్బము మూస్తాడు. ఈ సేకర్తకు సెట్టు ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించే అధికారం లేదు. ఆ అధికారం ప్రచురణకర్త చేతిలో ఉన్నది.

మా అబ్బాయి ఈ ముచ్చటలో ఒక పొరపాటు చేశాడు. కొడుకు కాలేజీ చదువుకు పనికివస్తుందన్న భావనతో, నూటికొకటి వచ్చే ముఖచిత్రం గల ప్రతిని 300 డాలర్లకు కొన్నాడు. దానిని స్థితి నిర్ధారణకు పంపాడు. 2000 సంవత్సరం నుండి ఈ పని చేస్తున్న సంస్థలున్నాయి. పుస్తకం స్థితిని పరిశీలించి 10కి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో శాశ్వతంగా మూసి పంపుతారు. రెండేళ్ళ తరువాత అమ్మబోతే 60 డాలర్లకు మించి ఎవరూ ఇవ్వలేదు. ఈ నష్టం సంగతి అతడు భార్యకు చెప్పటానికి ఏడాది పట్టిందట. మాకు చెప్పినప్పుడు కూడా నవ్వుతూనే చెప్పాడు గాని, ఆ నవ్వు వెనుక ఉన్నది మేము గ్రహించకపోలేదు.

అతని కొడుకుకు పదకొండేళ్ళు. ఒకనాడు ఆ ప్లాస్టిక్ పలక తెచ్చి మా చేతిలో పెట్టి, "తాతయ్యా, ఇందులో కథ ఏమిటో నాన్నకు కూడా తెలియదు" అన్నాడు.

ఇటువంటి ఆశతో నష్టపోయినవారు అంతకు ముందు తరంలోనూ చాలామంది ఉన్నారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ మరణించే సంచిక నల్లని సంచిలో వచ్చినప్పుడు, భవిష్యత్తులో ధనికులమవుతామని జనం బారులు తీరి కొన్నారు. నేడు ఆ సంచిక స్వల్ప ధరకే దొరుకుతుంది. కారణం సులభం: అందరూ దాచారు, భద్రంగా దాచారు. ఆ మోజు చల్లారిన తరువాత వేలాది దుకాణాలు మూతపడ్డాయి. మార్వెల్ సంస్థ 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది.

మరి 1938లో 10 సెంట్లకు అమ్మిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లు పలికిందే! ఆనాడు దానిని దాచాలని ఎవరికీ తోచలేదు. పిల్లలు చదివి చించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం సేకరణలో పాత పుస్తకాలెన్నో మరపట్టబడ్డాయి. మిగిలినవి సుమారు 100 ప్రతులని అంచనా. మన 'చందమామ' 1947 జూలైలో మొదలైనది. ఆనాటి ప్రతులు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి? చేతులు మారి, అట్టలూడి, చివరకు కిరాణా కొట్టులో పొట్లాలైనవే ఎక్కువ. అరుదైన వస్తువు అలా తయారవుతుంది. 'ఇది అరుదైనది' అని ప్రకటించి అచ్చువేసినదానికి ఆ చరిత్ర లేదు.

ఎవరూ తలపెట్టని వేరియంట్లు కూడా ఉన్నాయి. 1977లో మార్వెల్ సంస్థ ధరను 30 సెంట్ల నుండి 35 సెంట్లకు పెంచే ముందు, కొన్ని ఊళ్ళలో మాత్రమే కొత్త ధరతో అమ్మి చూసింది. 'స్టార్ వార్స్' మొదటి సంచిక ఆ రోజులలోనే వచ్చింది. ముఖచిత్రం అదే, కథ అదే. ధర వద్ద ఒక్క అంకె తేడా. ఆనాటి కొనుగోలుదారుకు అది అయిదు సెంట్ల అదనపు భారం మాత్రమే. నేడు ఆ 35 సెంట్ల ప్రతికి సేకర్తలు వేల డాలర్లు చెల్లిస్తున్నారు. పాత పుస్తకాల కట్టలలో ఆ అంకె కోసం కళ్ళు పొడుచుకొని వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ వెతకటంలోని ఆనందం ఏమిటో మాకు మా మనవడి వలన తెలిసింది. అక్కడ కొత్త కామిక్స్ బుధవారం నాడు వస్తాయి. ప్రతి బుధవారం సాయంత్రం తండ్రీ కొడుకులు దుకాణానికి బయలుదేరుతుంటే మేమూ వెంట వెళ్ళేవారము. దుకాణం వెనుక భాగంలో డాలరు పెట్టెలుంటాయి. అందులో ఏ పుస్తకమైనా ఒక డాలరే. పైన మేము లెక్కవేసిన 70 మిగులు ప్రతులు చివరకు చేరేది అక్కడికే. 1991 నాటి 'ఎక్స్-మెన్' కూడా అందులోనే దొరుకుతున్నది.

నాలుగు ముఖచిత్రాలూ కలిపి చూడాలని పిల్లవాడికి పట్టుదల కలిగింది. మొదటి వారం రెండు దొరికాయి. రెండవ వారం మూడవది దొరికింది. ప్రతినాయకుడు మాగ్నెటో ఉన్న నాలుగవది మాత్రం దొరకలేదు. దొరికిన మూడింటిలో వీరులందరూ కుడివైపుకు దూకుతున్నారు. వారు ఎవరి మీదికి దూకుతున్నారో ఆ మనిషి లేడు! మడత అట్ట గల ఐదవ ప్రతి కొనిస్తానని తండ్రి అన్నాడు. అందులో దృశ్యమంతా ఉంటుంది గదా. పిల్లవాడు ఒప్పుకోలేదు. "నాలుగూ నేనే వెతకాలి" అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. పెట్టెలన్నీ తిరగవేసి ఉత్తచేతులతో తిరిగి వస్తూ, కారులో మాట్లాడకుండా కూర్చొనేవాడు. మా ప్రయాణానికి రెండు రోజుల ముందు వచ్చిన బుధవారం నాడు, ఎవరో తప్పు వరుసలో పెట్టిన కట్టలో మాగ్నెటో కనబడ్డాడు. అట్ట మూల కొంచెం మడతపడి ఉన్నది. పిల్లవాడు కేక వేయలేదు. ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకొని తండ్రి వద్దకు నడిచి వెళ్ళాడు. ఆ రాత్రి హాలులో నేల మీద నాలుగింటినీ పరిచారు. గీతకు గీత కలిసింది. మొత్తం ఖర్చు 4 డాలర్లు.

మరునాడు మా అబ్బాయి స్క్రూడ్రైవరు తెచ్చి, ఆ 300 డాలర్ల పుస్తకం మూసి ఉన్న ప్లాస్టిక్ పలకను విప్పాడు. విప్పిన క్షణంలో ఆ మార్కులు చెల్లవు. భార్య చూస్తూ ఏమీ అనలేదు. తండ్రీ కొడుకులు సోఫాలో కూర్చొని చదివారు. "కథ ఎలా ఉన్నది?" అని మేము అడిగితే పిల్లవాడు నిజాయితీగా "ఫరవాలేదు తాతయ్యా" అన్నాడు.

మన ఉద్యోగులలోనూ వారి పిల్లలలోనూ ఇటువంటి అభిరుచులున్నవారికి మేము చెప్పదలచినది స్వల్పం. భవిష్య నిధి లెక్క వేరు, అభిరుచి లెక్క వేరు. రెండింటినీ ఒకే పద్దులో వ్రాయకండి. కొనేముందు, దీని విలువ రేపు సున్న అయినా ఇంట్లో ఉండటం నాకు ఇష్టమేనా అని ప్రశ్నించుకోండి. ఇష్టమే అయితే భద్రపరచండి. నాసిరకం కాగితంలోని ఆమ్లమే దానిని పసుపురంగుకు మార్చి పెళుసుబారుస్తుంది కనుక ఎండ, తేమ తగలనీయకండి. చిరిగినచోట గమ్ టేపు అంటించకండి. కొన్నేళ్ళకు ఆ జిగురే మరకగా మిగులుతుంది. ఆమ్లరహితమైన అట్ట వెనుక ఆనించి, నిలువుగా నిలబెట్టండి. అప్పుడప్పుడు బయటకు తీసి చదవండి.

మీ ఇళ్ళ అటకలమీద పాత 'చందమామ'లు, 'అమర చిత్ర కథ'లు ఉన్నట్లయితే ఒకసారి దింపి చూడండి. వాటితో ముడిపడిన మీ అనుభవాలను ఈ శీర్షికకు వ్రాసి పంపితే సంతోషంతో ప్రచురిస్తాము.