ఫ్లిప్పర్‌కు క్షమాభిక్ష ఎందుకు?

2025 ఫిబ్రవరిలో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ పన్నెండు క్యాడెట్ క్లబ్బులను రద్దు చేసింది. నల్లజాతి ఇంజినీర్ల సంఘం శాఖ కూడా వాటిలో ఉంది. వైవిధ్యం పేరుతో నడిచే కార్యక్రమాలు ఉండకూడదన్న ట్రంప్ ప్రభుత్వ ఆదేశాల ఫలితమిది. ఇకపై ప్రతిభే కొలమానమన్నది పాలకుల మాట. ఈ మాట విన్నప్పుడల్లా మనం హెన్రీ ఫ్లిప్పర్‌ను గుర్తు చేసుకోవాలి.

ఫ్లిప్పర్ 1856లో జార్జియాలో బానిసగా పుట్టాడు. 1877లో వెస్ట్ పాయింట్ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు అతనే. 76 మందిలో 50వ స్థానం. చదివిన నాలుగేళ్లూ తెల్ల క్యాడెట్లు డ్యూటీకి అవసరమైతే తప్ప దాదాపుగా అతనితో మాట్లాడలేదు. మన ఊళ్లలో దీన్నే వెలి అంటాం.

ఆ తర్వాత నల్ల సైనికుల పదో అశ్వికదళంలో లెఫ్టినెంట్ అయ్యాడు. ఫోర్ట్ సిల్‌లో మలేరియా పుట్టించే మడుగుల నీటిని బయటకు పంపడానికి అతను తవ్వించిన కాలువకు 'ఫ్లిప్పర్ కాలువ' అనే పేరుంది. ప్రతిభ అడిగినవాళ్లకు ఇంతకన్నా ఏం చూపించాలి?

1881లో టెక్సాస్‌లోని ఫోర్ట్ డేవిస్‌లో సరుకుల లెక్కలు చూస్తుండగా డబ్బు తగ్గింది. తన పై అధికారి కర్నల్ షాఫ్టర్‌కు భయపడి ఆ సంగతి దాచాడు, లెక్క సరిగ్గా ఉన్నట్టు చెప్పాడు. అది తప్పే, మనం దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. బయటపడ్డాక ఊరి వర్తకులు, మిత్రులు తలా కొంత వేసుకుని కొద్ది రోజుల్లోనే ఆ సొమ్ము పూడ్చారు.

సైనిక కోర్టులో కాజేశాడన్న ఆరోపణ నిలబడలేదు, నిర్దోషి అన్నారు. కానీ 'అధికారికి తగని ప్రవర్తన' అన్న రెండో ఆరోపణపై దోషిని చేశారు. అసలు కీలకం ఇక్కడుంది. దొంగతనానికి సాక్ష్యం కావాలి. 'తగని ప్రవర్తన'కు తీర్పు చెప్పేవాడి కొలత చాలు. సొమ్ము కాజేసినట్టు రుజువైన తెల్ల అధికారులు కొందరు ఉద్యోగంలో నిలిచిన సైన్యమది. శిక్ష తగ్గించమని సైన్యపు ప్రధాన న్యాయాధికారి సిఫార్సు చేసినా అధ్యక్షుడు ఆర్థర్ వినలేదు. 1882 జూన్ 30న ఫ్లిప్పర్‌ను తొలగించారు.

ఆపై సర్వేయరుగా, ఇంజినీరుగా బతికాడు. తన కేసు తిరిగి చూడమని కాంగ్రెస్‌ను ఎన్నిసార్లు వేడుకున్నా ఫలితం రాలేదు. 1940లో చనిపోయాడు. 1976లో సైనిక రికార్డుల బోర్డు ఆ తొలగింపును గౌరవప్రదమైన విడుదలగా మార్చింది. తీర్పును కొట్టేసే అధికారం మాత్రం దానికి లేదు. 1999లో క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. తప్పు చేసినవాడికి ఇచ్చేది క్షమాభిక్ష. వెలి వేసినవాళ్ల గురించి అందులో ఏం తేలుతుంది?

కష్టాలకు తట్టుకుని నిలిచిన క్యాడెట్‌కు ఇవ్వడానికి వెస్ట్ పాయింట్ ఫ్లిప్పర్ పేరుతోనే ఒక అవార్డు పెట్టింది. మూతబడిన క్లబ్బులు అలాంటి క్యాడెట్లకు పక్కన కూర్చుని మాట్లాడే నలుగురినైనా ఇచ్చేవి. ఫ్లిప్పర్‌కు నాలుగేళ్లూ దొరకనిది అదే.