అగ్గిపెట్టె నేర్పు పాఠము

పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న యొక్కటే: పిల్లలను ఏ చదువునకు పంపవలెను? వచ్చు సమాధానములును రెండే: ఇంజనీరింగు, వైద్యము. ఆ రెంటిని మేము తక్కువ చేయువారము కాము. కాని మూడవది యొకటి కలదు. క్రొత్త యంత్రమో, క్రొత్త పద్ధతియో ఒక వృత్తిలో ప్రవేశించినపుడు లాభ మెవరికి, నష్ట మెవరికి, పన్ను ఎంత యుండవలెను, పేటెంటు హక్కు ఎన్నాళ్లుండవలెను, పని పోయినవారి గతి యేమి అని లెక్కగట్టి విచారించు శాస్త్రమది. సాంకేతిక నవకల్పనల అర్థశాస్త్రమనియు, విధానశాస్త్రమనియు దానికి పేరు. పట్టము పొందినవారు ఎం.ఏ. తరగతులలోను, పరిశోధనలోను దీని నభ్యసింతురు. మన సంఘము ఈ చదువునకు చేయూత నీయవలెనని మా అభిప్రాయము.

ఇది దూరదేశపు ముచ్చట యని పాఠకులు తలంపవలదు. మన సీమలో ‘ఆపీసు’ అన్నచో అగ్గిపెట్టెల కార్ఖానా యనియే అర్థము. ఆ ఆపీసు చరిత్రయే ఈ శాస్త్రమునకు మొదటి పాఠము. 1922లో శివకాశి నుండి శ్రీ పి. అయ్య నాడారు, శ్రీ ఎ. షణ్ముగ నాడారు కలకత్తాకు పోయి అగ్గిపుల్లలు చేయు విద్య నేర్చి, మరుసటి యేట తిరిగివచ్చి పని నారంభించిరి. వానలను నమ్మరాని ఈ నల్లరేగడి మెట్టసీమలో సేద్యము చాలని కుటుంబములకు ఆ పని కూలి నిచ్చినది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, కళుగుమలై ప్రాంతములందు అది వ్యాపించినది. అదే 1923లో స్వీడను దేశపు కంపెనీవారి ‘విమ్కో’ సంస్థ యంత్రబలముతో భారతదేశమున అడుగు పెట్టినది.

అంతటి యంత్రబలము నెదుట చేతిపని యెట్లు నిలిచినది? కూలి చౌక యగుట ఒక కారణము. సుంకము రెండవ కారణము. 1934లో ఆంగ్ల ప్రభుత్వము అగ్గిపెట్టెలపై ఎక్సైజు సుంకము విధించినది. పెద్ద యంత్రశాలకు హెచ్చు, చిన్న ఆపీసునకు తగ్గు అను భేదము స్వాతంత్ర్యానంతరము దశాబ్దముల కొలది సాగినది. దానివలన చేతిపని బ్రదికినది; స్త్రీలకు కూలి దొరికినది. కాని పెరిగినచో సుంకమును పెరుగునను తలంపున పెద్ద ఆపీసును పలు చిన్న ఆపీసులుగా చీల్చుటయు అలవాటైనది. బడికి పోవలసిన బాలికలు పుల్లలు పేర్చుటకు పోవు దురవస్థయు చిరకాలము నిలిచినది. ఒక్క సుంకపు నియమమునకు ఇన్ని ఫలితములు! మేలునకు మేలు, కీడునకు కీడు లెక్క చూపుటయే ఈ చదువు పని.

పిమ్మట జరిగినది మన కన్నుల యెదుటనే జరిగినది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినపుడు చేతిపని పెట్టెకు నూటికి 5, యంత్రపు పెట్టెకు నూటికి 18 వంతున పన్ను ఏర్పడినది. 2020 ఏప్రిల్ 1 నుండి రెంటికిని 12గా సమము చేసిరి. రూపాయిగా నున్న పెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైనది. చౌక లైటర్లు వచ్చి అగ్గిపుల్లకే పోటీ యైనవి; 20 రూపాయలకు లోబడిన సిగరెట్టు లైటర్ల దిగుమతిని 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. పన్నును, దిగుమతిని గూర్చిన ఈ నిర్ణయములు దూరమున జరిగినవి. వాని ఫలము మన వీధులలో పండినది. యజమానులకు సంఘములున్నవి, విన్నపములున్నవి. చట్రములలో పుల్లలు పేర్చిన తల్లుల పక్షమున, ఇంట పెట్టెల నంటించిన అక్కచెల్లెండ్ర పక్షమున లెక్కలతో మాటాడువా రెవ్వరు?

యంత్రము రాకుండ ఆపుడని మేము వాదించుట లేదు. మందునీళ్ల నడుమ చేయు పని యంత్రమునకు పోవుట కొంత మేలే. కాని దానిని ఏ వేగమున రానీయవలెను, పన్ను మార్చుటకు ముందు ఏ తర్ఫీదు నీయవలెను అనునవి ఊహతో తేల్చరాని ప్రశ్నలు.

చక్కని విధానము పరిశ్రమను నిలబెట్టగలదనుటకు మన తెలుగునాటనే నిదర్శన మున్నది. 1970 పేటెంటు చట్టము మందులకు తయారుచేయు పద్ధతిపై మాత్రమే హక్కు నిచ్చినది, మందుపై నీయలేదు. అన్యపద్ధతిని కనుగొన్నవారు అదే మందును చౌకగా నమ్మవచ్చును. హైదరాబాదులో ప్రభుత్వ సంస్థయగు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన డాక్టరు కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 2005లో చట్టము మారి మందుపైనే హక్కు ఏర్పడునాటికి హైదరాబాదు పరిశ్రమ తన కాళ్లపై నిలిచి యుండెను.

మరియొక నిదర్శనము డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. తెనాలి సమీపమున యలవర్రులో 1922లో జన్మించి, మదరాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నుండిరి. తోలును సగము పదునుచేసి యెగుమతి చేసినచో హెచ్చు లాభము పరదేశమునకే పోవునని గ్రహించి, పూర్తిగా తయారైన సరుకుపై దృష్టి నిల్పిరి. 1970 దశకమున ప్రభుత్వమును సగము పదునైన తోళ్ల యెగుమతిని కట్టడి చేసినది. విజ్ఞానశాస్త్రమును, వర్తకమును, చర్మకారుని కూలిని ఒక్క చూపున చూడగల్గినవా రాయన. అట్టి చూపును అలవరచుటయే ఈ విద్య పరమార్థము.

ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయమున క్రిస్టఫర్ ఫ్రీమన్ 1966లో ఈ విషయమునకై ప్రత్యేక పరిశోధన విభాగమును నెలకొల్పిరి. 2025లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము జోయెల్ మోకిర్, ఫిలిప్ అఘియోన్, పీటర్ హోవిట్ అనువారికి నవకల్పనలవలన సంపద పెరుగు విధమును వివరించినందులకే లభించినది. మన దేశమున ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున విజ్ఞాన విధాన అధ్యయన కేంద్రమున్నది. మనకు చేరువనే తిరువనంతపురమున కె. ఎన్. రాజ్ గారు స్థాపించిన అభివృద్ధి అధ్యయన కేంద్రము ఈ రంగమున పేరొందినది.

‘ఉద్యోగము దొరకునా?’ అని తండ్రు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఇంజనీరింగువలె వందల కొలది కొలువులు దీనికి లేవు. బోధన, పరిశోధన, ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, పేటెంటు వ్యవహారములు చూచు సంస్థలు దీనికి త్రోవలు. అందుచేతనే ఒక్క కుటుంబము ఈ భారము నొంటిగా మోయుట కష్టము. సంఘము పాలుపంచుకొనుట ధర్మము. వైద్యునివలన రోగికి మేలు. ఈ చదువు చదివిన యొక్కరివలన ఒక వృత్తిలోని వారందరికి మేలు కలుగవచ్చును.

కావున ఏటేట ఒక్క విద్యార్థికైనను, మిక్కిలిగా ఆపీసులలో పనిచేసిన యింటి ఆడుబిడ్డకు, ఈ చదువునకై సంఘము వేతన మీయవలెనని కోరుచున్నాము. నియమము ఒక్కటే యుండవలెను: అగ్గిపెట్టెయో, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలై మిఠాయియో, మన సీమ వృత్తి నొకదానిని పరిశీలించి, తెలుగున నొక వ్యాసము వ్రాసి సంఘసభలో చదువవలెను. తరతరములుగా ఈ గడ్డపై తెలుగును నిలుపుకొన్నవారము. ఆ తెలుగుతో మన కూలిని, మన వృత్తిని గూర్చియు ఆలోచింప నేర్తుము గాక. రాబోవు కార్యవర్గ సమావేశమున పెద్దలు ఈ విషయమును చర్చకు తెత్తురని ఆశించుచున్నాము.