పదమూడో మెట్టు

నేనూ తాగేదాన్ని. సిరికొండలో పొద్దంతా వంగి బీడీలు చుట్టి, మెడ పట్టేశాక సాయంత్రం ఒక సీసా కల్లు. మా దిక్కు ఆడవాళ్లు కల్లు తాగడం వింత కాదు. అందులో చెట్టు నీళ్లకంటే అల్ప్రాజోలం పొడే ఎక్కువని తెలిసేసరికి, అది లేకుంటే చేతులు వణికే స్థితికి వచ్చాను. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి మత్తుకల్లు ఒక్కసారిగా ఆగిపోతే, జనం ఫిట్సుతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో నేనొకదాన్ని.

ఆ తర్వాత నిజామాబాద్‌లో తాగుడు మానినవాళ్ల బృందానికి వెళ్లాను. అందరూ మగవాళ్లు, ఆడదాన్ని నేనొక్కదాన్నే. మీటింగు అయ్యేసరికి మా ఊరి ఆఖరి బస్సు పోయేది. “నేను దింపుతగా చెల్లె” అన్నాడు పదేళ్లుగా చుక్క ముట్టని పెద్దమనిషి. మూడోసారి బండి దారి మళ్లింది. దూకి, చీకట్లో నడిచి వచ్చాను. అంతకుమించి రాయను.

బృందంలో చెబితే ఏమన్నారు? “మానేసి నెల కాలే, నీ మనసు ఆగమాగముంది, నువ్వే తప్పుగ అనుకున్నవేమో.” పైగా ఇక్కడి మాట బయట పడొద్దని నియమం. ఆ నియమం నా పరువు కోసం పెట్టింది. కాపాడింది మాత్రం అతన్ని.

1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌కి పన్నెండు మెట్లు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లని పాత సభ్యులు వలలో వేసుకోవడానికి అక్కడివాళ్లే ‘పదమూడో మెట్టు’ అని పేరు పెట్టారు. పేరు పెట్టుకునేంత మామూలైపోయిందన్నమాట! ఆడవాళ్లకి ఆడవాళ్లే తోడుండాలని ఆ బృందాల్లో సలహా ఇస్తారు. మంచిదే. ఒక్కతే ఉన్నచోట ఆ తోడు ఎవరు?

అలాంటి బృందాలు అక్కర్లేదని నేననను. నేను బతికి ఉండడంలో వాటికీ పాలుంది. నా కోపం మన మీద కూడా. 1992 దూబగుంట నుంచి మనకి తాగుబోతు భార్య కన్నీళ్లు తెలుసు. తాగిన ఆడది మాత్రం మన పాటల్లో లేదు, సభల్లో లేదు. తాగేదంటే దేనికైనా ఒప్పుకునేదని మగవాళ్లు అనుకుంటే, మనం మౌనంగా తల ఊపాం.

2013 లైంగిక వేధింపుల చట్టం ఆసుపత్రికి వెళ్లే రోగినీ కాపాడుతుంది, అక్కడ ఉద్యోగం చెయ్యనక్కర్లేదు. యజమానే లేని బృందం మీద ఎవరికి చెప్పుకోవాలి? భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద పోలీసు కేసు పెట్టొచ్చంటారు. “తాగి ఉన్నవా?” అనే కదా స్టేషన్లో మొదటి ప్రశ్న!

మీటింగు పగటిపూట పెట్టండి. కొత్తగా వచ్చిన ఆడమనిషికి మగవాళ్లెవరూ ఫోన్ చెయ్యొద్దని, బండెక్కించుకోవద్దని గోడ మీద రాయండి. ఫిర్యాదు వినేవాళ్లు బృందం బయటి ఆడవాళ్లు కావాలి. దీనికి డబ్బేం ఖర్చు కాదు.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం మా అరుగు మీద ముగ్గురం కూచుంటాం, ఒళ్లో బీడీ చాటలతో. ఒక్కసారిగా మానొద్దు, డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలని కొత్తామెకి చెప్తాం. వెలుతురుండగానే బస్సెక్కిస్తాం.