గుడ్డకు తగ్గ ఫ్రేము



ఈస్టరైనా, కోత పండుగైనా, క్రిస్మసైనా దగ్గరపడుతున్నదంటే మన స్త్రీల సమాజములలో ఒకటే ఆలోచన. ప్రభు బల్లకు కొత్త గుడ్డ కుడదామా, ప్రసంగ వేదికకు తెర కుడదామా, కోత పండుగ వేలములో పెట్టడానికి గోడకు తగిలించే వాక్యము కుడదామా అని. వీటికి మన ఆడబిడ్డలు ఎక్కువగా ఎంచుకొనేది క్రాస్ స్టిచ్. గళ్ళ గుడ్డ మీద ఇంటూ గుర్తులాగ ఒక దారం మీద ఇంకొక దారం వేసుకుంటూ పోవడమే గనుక, లెక్క వస్తే చాలు, బొమ్మ గీయడం రానక్కరలేదు. దారాల గురించి, రంగుల గురించి మమ్మల్ని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఫ్రేము గురించి అడిగేవారు తక్కువ. ఏదో ఒక రింగు, చవకగా వస్తే చాలు అనుకుంటారు. మేము కూడా అలాగే అనుకున్నాము. అది తప్పని మాకు తెలిసేలా చేసినది వత్సవాయి ప్రాంతపు సోదరి ఒకామె. ఈ నెల ఆ సంగతి చెప్పి, ఆ తరువాత ఫ్రేము ఎంచుకొనే పద్ధతి వ్రాస్తాము.

వత్సవాయి 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. మునేరు పక్కనే ఉన్నా మెట్ట ప్రాంతమే. పత్తి, మిరప ఎక్కువ. సంక్రాంతి దాటిన దగ్గర నుండి ఎండలు ముదిరేదాకా ఆడవారు మిరప కోతలలోనే ఉంటారు. అక్కడ ఒక సంఘములో ఈస్టరు నాటికి ప్రభు బల్లకు కొత్త గుడ్డ సిద్ధం చేయాలని తీర్మానించుకొన్నాము. పనిని ముక్కలుగా పంచుకొన్నాము. ద్రాక్ష గుత్తి, గోధుమ వెన్ను ఉన్న మధ్య ముక్కను, అందరిలోకి చెయ్యి బాగా కుదిరిన ఒక సోదరికి అప్పగించాము. ఆమె భర్తను పోగొట్టుకొని, ఇద్దరు పిల్లలతో కూలికి వెళ్ళి బ్రతుకుతున్నది. ఆమెకు గుడ్డ ఇచ్చాము, దారాలు ఇచ్చాము, గళ్ళ కాగితం మీద నమూనా ఇచ్చాము. ఫ్రేము ఇవ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆమె రాత్రిళ్ళు కూర్చుని సగం ద్రాక్ష గుత్తి కుట్టింది. ఇంతలో కోతలు మొదలైనాయి. గుడ్డను ఫ్రేముతోనే చుట్టి పెట్టెలో పెట్టింది. ఆరు వారాల తరువాత తీసి చూస్తే గుడ్డ మీద గుండ్రంగా మడత పడి ఉన్నది. రింగు కింద నలిగిన కుట్లు అణగిపోయి వెలవెలబోయాయి. మర ఉన్న చోట ఇనుము తుప్పు గుడ్డకు అంటి గోధుమ రంగు మరక అయింది. సబ్బు పెట్టి ఉతికితే మడత కొంత పోయింది గాని మరక పోలేదు.

రెండు ఆదివారాలు ఆమె ఆరాధనకు రాలేదు. పని ఒప్పుకొని అశ్రద్ధ చేసిందని మాలోనే ఒకరిద్దరు అన్నారు. చివరకు పాస్టరమ్మగారిని వెంటబెట్టుకొని ఆమె ఇంటికి వెళ్ళాము. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, "అమ్మగారూ, దేవుని బల్ల గుడ్డ పాడు చేశాను. నాలుగు వారాలు ఆగండి, కొత్త గుడ్డ నేనే కొనిస్తాను" అన్నది.

"గుడ్డ సంగతి తరువాత చూద్దాంలే అమ్మా. ఈ ఫ్రేము ఎక్కడిది?" అని అమ్మగారు అడిగారు.

"జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు కొన్నానండి. ఇంతకన్నా మంచిది కూడా చూపించారు. అది తీసుకుంటే పిల్లవాడి నోటు పుస్తకాలకు చాలవని ఇది తెచ్చాను."

ఆ మాటతో మా తలలు వంగిపోయాయి. దేవుని మందిరపు పనికి పనిముట్టును ఆమె తన కూలి డబ్బులలో నుండి కొన్నది. అది పాడైతే నింద కూడా ఆమె మీదనే వేశాము. నిర్గమకాండము 36వ అధ్యాయములో, ప్రత్యక్ష గుడారపు పనికి ప్రజలు తెచ్చిన కానుకలు చాలి ఇంకా మిగిలాయని, ఇక తేవద్దని మోషే చాటించాడని చదువుతాము. రంగు దారాలతో బుటాలు కుట్టే నేర్పు అహోలీయాబుకు ఉన్నదని 38వ అధ్యాయము చెబుతున్నది. అతడు పనికి కూర్చునేసరికి కావలసినదంతా సంఘము సమకూర్చి పెట్టింది. మేమైతే చేతిని మెచ్చుకొని, ఆ చేతికి కావలసినది మరచిపోయాము.

ఈ మరపు మన సంఘములకు కొత్త కాదు. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబాలవారు నర్సాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. దానికి ఒక కొక్కెం సూది, దారపు ఉండ ఉంటే చాలు, ఫ్రేముతో పని లేదు. ఆ లేసు దూర దేశాలకు వెళ్ళింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అయితే మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ప్రచురించిన పుస్తకములో, ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీలకు ముట్టేది బహు స్వల్పమని, లాభము వర్తకులదని చూపించారు. ఇంటిపట్టున చేసేది గనుక అది తీరిక పని అని అందరూ తేల్చేస్తారు. కూలికి వెళ్ళివచ్చి రాత్రి కుట్టే సోదరికి అది తీరిక పని కాదు, నిద్ర మానుకొని ఇచ్చే కానుక. కనుక స్త్రీల సమాజము ఎవరికైనా కుట్టుపని అప్పగిస్తే, గుడ్డ, దారాలతో బాటు తగిన ఫ్రేము కూడా చేతికి ఇవ్వాలి. ఏది తగినదో ఎలా తెలుసుకోవాలంటే:

మొదట కుట్టే తీరు చూడండి. కొందరు సూదిని గుడ్డలో గుచ్చి ఒకే ఊపులో దించి పైకి తీస్తారు. వారికి గుడ్డ కొంచెం వదులుగా ఉండాలి. అలాంటివారు ఫ్రేము లేకుండా చేతిలో పట్టుకొనే చక్కగా కుట్టగలరు, బలవంతాన ఫ్రేము అంటగట్టవద్దు. మరికొందరు సూదిని పైనుండి దించి, కింద చేత్తో అందుకొని, మరల పైకి పంపుతారు. వీరికి గుడ్డ బిగువుగా ఉండాలి. కొత్తగా నేర్చుకొనేవారికి ఈ రెండవ పద్ధతి, ఫ్రేముతో, మంచిది. గళ్ళు స్పష్టంగా కనబడతాయి, దారం మరీ లాగి గుడ్డను ముడతలు పెట్టే అలవాటు తప్పుతుంది.

రెండవది కొలత. మ్యాటీ గుడ్డ మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని గళ్ళో లెక్కించండి. ఐడా గుడ్డ అయితే 11, 14, 16, 18 అని అంగుళానికి గళ్ళ లెక్కనుబట్టి అమ్ముతారు. నమూనాలో 70 గళ్ళు ఉంటే, 14 గళ్ళ గుడ్డ మీద అది 5 అంగుళాలు వస్తుంది. అదే 11 గళ్ళ గుడ్డ మీద 6 అంగుళాలు దాటుతుంది. బొమ్మ మొత్తం రింగు లోపల పడితే ఒక్క కుట్టు కూడా నలగదు. అయితే 5 అంగుళాల చదరపు బొమ్మకు 6 అంగుళాల రింగు సరిపోతుందనుకోవద్దు. మూల నుండి మూలకు కొలవండి, 7 అంగుళాలు దాటుతుంది. దానికి 8 అంగుళాల రింగు కావాలి. గుడ్డను కత్తిరించేటప్పుడు బొమ్మ చుట్టూ మూడేసి అంగుళాలు వదలండి.

మూడవది చెయ్యి. రింగు అంచును పట్టుకొని, కింద నుండి మీ నడిమి వేలు రింగు మధ్యకు అందుతుందో లేదో చూడండి. అందకపోతే ఆ రింగు మీకు పెద్దది, గంటసేపు కుడితే మణికట్టు లాగుతుంది. చాలామంది ఆడవారి చేతులకు 6 అంగుళాలది హాయిగా ఉంటుంది. బొమ్మ అంతకన్నా పెద్దదైతే రింగును జరుపుకుంటూ కుట్టవచ్చు. అలా జరిపినప్పుడు కుట్టిన భాగం మీద పల్చని తెల్ల గుడ్డ పరచి, దాని మీద రింగు బిగించి, కుట్టవలసిన చోట ఆ పై గుడ్డను కత్తిరించి తెరవండి. రింగు ఒత్తిడి పై గుడ్డ మీద పడుతుంది.

నాలుగవది తయారీ. దుకాణములో రెండు రింగులను ఒకదానిలో ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలో సందు కనబడితే అక్కడ గుడ్డ జారుతుంది, అది వద్దు. కర్ర రింగును వేలితో తడిమి చూడండి, చెక్క పెళుసులు ఉంటే గుడ్డ పోగు లేస్తుంది. ప్లాస్టిక్ రింగులు తేమకు ఉబ్బవు, కడుక్కోవచ్చు. మర ఇత్తడిదో, తుప్పు పట్టనిదో చూసి తీసుకోండి. ఆ సోదరి గుడ్డను పాడు చేసినది ఆ చిన్న ఇనుప మరయే.

లోపలి రింగుకు కట్టు కట్టడం మరువవద్దు. బాగా ఉతికి మెత్తబడిన పాత పంచెలో నుండి రంగు అంచు తగలకుండా అంగుళం వెడల్పు పీలిక చింపి, ఏటవాలుగా, సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలాగ చుట్టి, కొసను లోపలి వైపు రెండు కుట్లు వేయండి. ఇక గుడ్డ జారదు, మడత కూడా తక్కువ పడుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క పనితో చవక ఫ్రేము కూడా మంచి ఫ్రేము అవుతుంది.

బల్ల గుడ్డవంటి పెద్ద పనికి రింగుకన్నా నాలుగు పలకల ఫ్రేము మేలు. ఇప్పుడు ఊరూరా బ్లౌజులకు మగ్గం వర్కు చేసేవారు కూడా గుడ్డను అలాగే నాలుగు వైపులా లాగి కడతారు. బాగా ఆరిన కర్రతో ఊరి వడ్రంగి చేసి ఇవ్వగలడు. పై పలకకు, కింది పలకకు గట్టి గుడ్డ పట్టీ బిగించి దానికి మన గుడ్డను కుట్టి, రెండు పక్కలా మంచం కాళ్ళ వైపు తాడు బిగించినట్లు దారంతో లాగి కట్టాలి. ఒళ్ళో పెట్టుకొనేది కాదు గనుక స్టూలుకో, బల్లకో ఆనించుకోవాలి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఇద్దరు కూర్చుని కుట్టవచ్చు.

బిగించేటప్పుడు గుడ్డను నిలువు పోగు వెంట, అడ్డ పోగు వెంట లాగండి. మూలలు పట్టి లాగితే గళ్ళు వంకర పోయి, ఇంటూ గుర్తులు ఏటవాలుగా వస్తాయి. వేలితో తడితే కాచిన డప్పులాగ మ్రోగాలి గాని, గళ్ళ రంధ్రాలు సాగిపోయేటంత కాదు. కుడి చేతివారు మరను ఎడమ పై వైపు ఉంచుకొంటే దారం దానికి తగులుకోదు. ఎడమ చేతివారు కుడి పై వైపు ఉంచుకోవాలి. మిరప కోసి వచ్చినవారు సబ్బుతో చేతులు బాగా కడుక్కొని, ఆరిన తరువాతనే గుడ్డ ముట్టాలి. పత్తి తీసి బరకబారిన వేళ్ళకు రాత్రి పడుకొనే ముందు కొబ్బరి నూనె రాసుకోండి, దారం చిక్కుకోదు. అయితే ఆ చేతులతో కుట్టవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర వ్రాస్తున్నాము. ఆ రోజు పని అయిపోగానే రింగును తీసివేయండి. రేపు ఉదయమే మరల కుడతామనుకొన్నా సరే తీసివేయండి. గుడ్డను మడవక, కాగితపు గొట్టానికి చుట్టి పెట్టండి. బిగువు లేకపోతే పని సాగదు, ఎప్పుడూ బిగువులోనే ఉంచితే గుడ్డ నిలువదు. ఆరు దినములు పని పెట్టి ఏడవ దినమున విశ్రాంతి ఇచ్చిన మన దేవునికి గుడ్డ సంగతీ తెలుసు, మనుష్యుల సంగతీ తెలుసు. కోతలు, వంట, పిల్లలు, వీటన్నిటి మధ్య బిగుసుకుపోయిన సోదరికి ఇంకొక పని అప్పగించే ముందు, ఆమె చేతిలోని పని ఒకటి మనము అందుకోగలమేమో చూడాలి.

ఆ బల్ల గుడ్డ ఏమైనదని అడుగుతారు కదా. కొత్త గుడ్డ కొననియ్యలేదు. నలిగిన కుట్లు ఊడదీసి మరల వేశాము, ఈసారి ఆమె ఇంటి అరుగు మీద అందరం కూర్చుని. మరక పడిన చోట కుట్టు లేదు గనుక నిమ్మరసము, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పలచబడింది. మిగిలిన ఆ కాస్త చోట, నమూనాలో లేని ద్రాక్షాకు ఒకటి ఆమే లెక్కవేసి కుట్టింది. ఈస్టరు ఉదయమున ఆ గుడ్డ మీదనే రొట్టె, ద్రాక్షారసము ఉంచారు. ఆ ఆకు ఎందుకు వచ్చిందో కుట్టినవారికే తెలుసు.

ఆ తరువాత సమాజపు చందాలో నుండి ఆరు రింగులు కొని, కట్లు కట్టి, మందిరపు బీరువాలో ఉంచాము. ఎవరికి పని అప్పగిస్తే వారికి ఒకటి ఇస్తాము, పని కాగానే తిరిగి తెస్తారు. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపుతూ ఏడ్చారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చెబుతున్నది. ఆమె వారికి పని చెప్పలేదు, వారి కోసం కుట్టింది. మీ ఊరి స్త్రీల సమాజము తరువాతి కూటములో, మన బీరువాలో ఫ్రేములు ఎన్ని ఉన్నాయని ఒకసారి అడిగి చూడండి. లేకపోతే పండుగ గుడ్డకన్నా ముందు అవి కొనండి.

ప్రభువు మీ చేతుల పనిని ఆశీర్వదించును గాక.