పొగ చట్టము, డీజిలు ఖర్చు

లారీగాని ట్రాక్టరుగాని కొనువారు మొట్టమొదట అడుగునది "ఎంత ఇచ్చును?" అని. లీటరునకు ఎన్ని కిలోమీటర్లు, ఎకరము దున్నుటకు ఎంత డీజిలు అనుటయే దాని యర్థము. పొగగొట్టము నుండి ఏమి వెడలునని అడిగినవారు మాకు తారసపడలేదు. ఈ రెండు ప్రశ్నలును ఒకదానినొకటి పెనవేసికొని యున్నవని ప్రజలకు విప్పి చెప్పువారును అరుదు. అందుచేతనే పొగనుగూర్చి క్రొత్త నిబంధన వచ్చినప్పుడెల్ల సర్కారువారు మైలేజీ పోగొట్టిరను సణుగుడు బయలుదేరుచున్నది.

ఆ సణుగుడు కేవలము నిరాధారము కాదు. డీజిలు యంత్రములో ఇంధనమును కొంచెము ముందుగా చిమ్మినచో మంట తీవ్రమగును. పని హెచ్చు, ఖర్చు తక్కువ. కాని ఆ వేడిమికి గాలిలోని నత్రజనియు ప్రాణవాయువును కలిసి, ఊపిరితిత్తులకు చేటు తెచ్చు నైట్రోజను ఆక్సైడులగును. చిమ్ముట ఆలస్యము చేసినచో ఆ విషము తగ్గును. డీజిలు మాత్రము ఎక్కువ త్రాగును, మసియు హెచ్చును. చట్టము దేనిని ఎంత బిగించునో యంత్రమును ఆ ప్రకారమే సవరింతురు. యూరపువారు తమ యైదవ దశలో డీజిలు కారునకు కిలోమీటరునకు 0.18 గ్రాముల నైట్రోజను ఆక్సైడులను సహించిరి. ఆ కాలముననే అమెరికాలో అనుమతించినది మైలునకు 0.07 గ్రాములు, అనగా కిలోమీటరునకు సుమారు 0.043. యూరపు ఇంధనపు పొదుపును చూచినది. అమెరికా నగరముల గాలిని చూచినది.

రెంటిని ఒక్కసారిగ దక్కించుకొనజూచిన వర్తకులు మాయోపాయములకు దిగిరి. పరీక్షలో నిబంధనకు లోబడి, రాజమార్గమున పరుగిడునప్పుడు పొదుపు తీరునకు మారునట్లు యంత్రముల నమర్చిరను అభియోగముపై 1998లో అమెరికాలో ఏడు లారీ యంత్రముల కంపెనీలు ప్రభుత్వముతో రాజీపడి, 8 కోట్ల 34 లక్షల డాలర్ల జుల్మానాకు ఒప్పుకొన్నవి. 2015లో వోక్స్‌వాగన్ కంపెనీ గుట్టు బయటపడినప్పుడు అట్టి ఉపాయమే సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో నున్నట్లు తేలినది. ఆ పదునేడేండ్లలో పాఠము నేర్చినది చట్టము కాదు, మోసము!

మన దేశమున అంతకంటె విడ్డూరమైన పని జరిగినది. 2010లో హైదరాబాదుతో గూడ 13 నగరములకు భారత నాలుగవ దశ, తక్కిన దేశమునకు మూడవ దశ. నగరపు డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 50కి మించరాదు; పల్లెలకు 350 చాలునట! నాడు ఆ 13లో విశాఖపట్నము లేదు. చమురు శుద్ధి చేయు కర్మాగారము మాత్రము అచ్చట నున్నది. గంధకము హెచ్చైన డీజిలు, పొగను శుభ్రపరచు సాధనములను చెరచును. దేశమంతట తిరుగు లారీ దారిలో దొరకినదే పోయించుకొనవలెను గనుక పాత దశలోనే యుండి, నగరమున జొచ్చి ఆ నగరపు గాలినే పాడుచేసినది. గాలికి పొలిమేర రాళ్లు పాతిన ఈ విధానము 2017 ఏప్రిలు 1 వరకు అంతము కాలేదు.

2020 ఏప్రిలు 1న ఐదవ దశను దాటి ఆరవ దశకు పోవుటను మేము హృదయపూర్వకముగ శ్లాఘించుచున్నాము. గంధకము 10కి దిగినందున శుద్ధి సాధనములు దేశమంతట నిలువగలవు. మంటను తీవ్రముగనే యుండనిచ్చి, పొగగొట్టములో యూరియా నీటిని చల్లి, విషవాయువును తిరిగి నత్రజనిగను నీటియావిరిగను మార్చవచ్చును. రైతు పొలమున చల్లు యూరియాయే అది, మిక్కిలి శుద్ధి చేసినది, నూటికి 32.5 పాళ్లు. పొదుపునకును గాలికిని గల వైరము ఇట్లు చాలవరకు తీరును. యూరియా ఖర్చును, బండి ధర పెరుగుటయు నిజమే.

ఇక ట్రాక్టరు. 2023 జనవరిలో వచ్చిన క్రొత్త నిబంధన 50 అశ్వశక్తులకు మించిన వానికే వర్తించినది. మన రైతులు కొనునవి చాలవరకు అంతకు లోపలివి. రైతునకు భారము తప్పించితిమని ఏలినవారు చెప్పుకొనవచ్చును. దినమెల్ల ఆ పొగను పీల్చునది ఎవరు? ధర భారమైనచో ఖజానా పంచుకొనవలెను గాని, రైతు దానిని తన ఊపిరితో తీర్చుట న్యాయము కాదు.

కొలతల మాట యొకటి మిగిలినది. దారిప్రక్కన నిచ్చు పొగ పత్రము డీజిలు బండి మసిని మాత్రమే చూచును. కంటికి కానరాని వాయువును చూడదు. మైలేజీయన్ననో, ప్రయోగశాలలో కొలిచిన యంకెను చూపి అమ్ముచున్నారు. 2023 ఏప్రిలు నుండి క్రొత్త కార్ల పొగను రోడ్డుమీదనే కొలుచు నిబంధన వచ్చినది గదా. ఆ పరీక్షలో వ్యయమైన ఇంధనమును గూడ లెక్కించి, బండి ధర ప్రక్కన ఆ యంకెను వ్రాసి చూపుమని కంపెనీలను శాసించుటకు ప్రభుత్వమునకు అడ్డమేమి?