చప్పుడు లేదని ఏమరుపాటు తగదు

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే దామరచర్ల ప్రాంతపు రైతులకు పొలం గట్ల మీద గడ్డి తీయించడం ఏటా తప్పని పని. గడ్డి ఏపుగా పెరిగితే ఎలుకలు చేరతాయి. పురుగూ పుట్రా దాగుతాయి. తెల్లవారుజామున మడవ చూడబోయే మనిషికి పాము భయం. కొడవలి, పార పట్టి చేసిన ఈ పనికి ఇప్పుడు భుజాన వేసుకునే యంత్రాలు వచ్చాయి. కూలీలు దొరకని రోజుల్లో రైతుకు ఇది ఊరటే. మందు కొట్టి గడ్డిని మాడ్చడం కంటే కోయడమే మేలు కూడా. మందు కొట్టిన గడ్డి గొడ్డుకు పనికిరాదు, కోసిన గడ్డి గేదెల ముందు వేసుకోవచ్చు.

కాబట్టి యంత్రం వద్దని ఎవరూ అనరు. అయితే పెట్రోలు యంత్రాల స్థానంలో వస్తున్న బ్యాటరీ యంత్రాల విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం వ్యాపించే ప్రమాదం ఉంది. పెట్రోలు యంత్రం తాడు లాగితే గాని కదలదు. కదిలిందంటే దాని మోత నాలుగు మళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ మోతకే పిల్లలు దూరం జరుగుతారు. బ్యాటరీ యంత్రానికి పొగ లేదు, వేడి తక్కువ, మోత కూడా తక్కువే. మీట తాకేదాకా బొమ్మలా పడి ఉంటుంది. తాకిన మరుక్షణం బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. మీట వదిలినా కొన్ని క్షణాలు ఆగదు. చప్పుడు తక్కువ కనుక ప్రమాదమూ తక్కువేనని తలచడం పొరపాటు.

గడ్డి కోసే యంత్రం లోకానికి కొత్త కాదు. పచ్చిక కోసే మొదటి యంత్రాన్ని 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ తయారుచేశాడు. తీగను గిరగిర తిప్పి గడ్డి కోసే పద్ధతిని 1971లో అమెరికాలో జార్జి బల్లాస్ కనిపెట్టాడు. లిథియం బ్యాటరీ 1991లో అంగడికి వచ్చింది. దానికి మూలపురుషులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఆ దేశాలలో యంత్రంతోపాటు బూట్లు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు కూడా వాడుకలోకి వచ్చాయి. మన పల్లెలకు మాత్రం తరచు యంత్రం ఒక్కటే వస్తున్నది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యంత్రం కొనేది ఒకరు, భుజాన మోసేది మరొకరు. వేల రూపాయలు పోసి యంత్రం కొన్న ఆసామి కొన్ని వందలు పెట్టి మోకాలి దాకా వచ్చే బూట్లు కొనడానికి వెనుకాడడం శోచనీయం. ఒట్టి కాళ్ళతో, లుంగీ ఎగగట్టి, బురద గట్టు మీద నిలబడిన మనిషి కాలు జారితే బ్లేడు ఎటు వస్తుందో ఊహించడం కష్టం కాదు. కాలి వేలు తెగిన కూలీకి ఆ ఏడు పని పోయినట్లే. బ్లేడు తగిలి ఎగిరిన గులకరాయి కంటికి తగిలితే చూపే పోవచ్చు. ఎండకు పెట్టుకునే నల్లద్దాలు ఆ రాతిని ఆపవు. అంచులు కూడా మూసి ఉండే గట్టి అద్దాలే కావాలి. బూట్లు వేసుకుంటే పాము కాటు నుంచి కూడా కొంత రక్షణ.

కోతకు ముందు గట్టు వెంబడి ఒకసారి నడిచి రాళ్ళు, సీసా పెంకులు, ఇనుప తీగలు ఏరివేయాలి. చెట్టు చాటున కూర్చున్నవారిని, మేస్తున్న పశువులను దూరం పంపాలి. కనీసం 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగుల లోపల ఎవరూ ఉండరాదు. వేలాడే కండువా, చీర కొంగు బిగించి కట్టుకోవాలి. చాలా యంత్రాలలో బ్లేడు కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. కనుక కోత కూడా కుడి నుంచి ఎడమకు సాగాలి. బ్లేడు ముందు కుడిభాగం మోడుకో రాయికో తగిలితే యంత్రం ఒక్క ఉదుటున వెనక్కి తన్నుతుంది. వాన పడుతున్నప్పుడు, గట్టు జారుతున్నప్పుడు పని ఆపడమే వివేకం.

బ్లేడు వెనుక ఉండే రేకును బరువనో, గడ్డి అడ్డుపడుతుందనో విప్పి పారవేయడం తన కాలికి తానే కీడు తెచ్చుకోవడం. నైలాను తీగ అయిపోతే ఇనుప తీగ చుట్టడం ఇంకా ప్రమాదం. అది తెగి తూటాలా దూసుకుపోతుంది. బీటలు వారిన బ్లేడుకు వెల్డింగు పెట్టించి మళ్ళీ బిగించరాదు. నైలాను తీగతో కోసిన గడ్డిలో దాని తునకలు కలుస్తాయి కనుక మేతకు బ్లేడుతో కోయడమే మంచిది.

ఇన్ని జాగ్రత్తలలో ఒక్కటే గుర్తుండేటట్లయితే ఇది గుర్తుండాలి. చుట్టుకున్న గడ్డి తీయాలన్నా, బ్లేడుకు పదును పెట్టాలన్నా, నట్టు బిగించాలన్నా ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాలి. మీట వదిలితే చాలదు. బ్లేడు నట్టుకు తరచు మర తిరగవేసి ఉంటుంది. కుడికి తిప్పితే వదులవుతుంది, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. పని ముగిశాక నీళ్ళు చిమ్మి కడగరాదు. కుంచెతో దులిపి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

దామరచర్ల మండలానికి కరెంటు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వీర్లపాలెం వద్ద 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఈ మండలంలోనిదే. తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టరాదని ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. భుజాన ఉన్న బ్యాటరీలో దాగి ఉన్నది కూడా ఆ శక్తేనని మరువరాదు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న సామెత పుట్టిన ఎండలు మనవి. బ్యాటరీని ఎండలోనో, ట్రాక్టరు మీదనో వదిలివేయరాదు. కోత ముగిసి వేడిగా ఉన్న బ్యాటరీని నీడలో చల్లారనిచ్చి అప్పుడు ఛార్జింగు పెట్టాలి. పడకమీద, గడ్డివాము పక్కన, వంటింట్లో పెట్టరాదు. రాత్రంతా వదిలి నిద్రపోరాదు. దానితో వచ్చిన ఛార్జరే వాడాలి. మందు కొట్టే పంపులలో సీసం బ్యాటరీలు ఉండడం కద్దు. వాటి ఛార్జరును లిథియం బ్యాటరీకి తగిలిస్తే నిప్పు పుట్టే ప్రమాదం ఉంది.

పని లేని నెలల్లో కూడా తేడా పాటించాలి. సీసం బ్యాటరీని పూర్తిగా నింపి, మధ్యమధ్య మళ్ళీ ఛార్జి చేయాలి. లిథియం బ్యాటరీని సగం ఛార్జితో చల్లని పొడి చోట ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, పొడవరాదు, చెత్తలో వేసి కాల్చరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది. కనుక వాటిని పంచాయతీ చెత్త ట్రాక్టరులో వేయక కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి.

కొనేటప్పుడు మాటలకు మోసపోకుండా లెక్క చూసుకోవాలి. 40 వోల్టుల, 4 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉండేది 160 వాట్ గంటలు, అంటే యూనిట్లో ఆరో వంతు కూడా కాదు. 800 వాట్ల మోటారును పూర్తి జోరుతో నడిపితే 12 నిమిషాలకే అయిపోతుంది. ఎకరాల కొద్దీ గట్లున్న రైతుకు ఒక బ్యాటరీ చాలదు.

బడి ఆవరణల్లో, కార్యాలయాల ముందు తోసే చక్రాల యంత్రానికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. వాలు మీద అడ్డంగా తోయాలి గాని పైకీ కిందికీ కాదు. పిల్లలు బడిలో ఉన్న వేళ దాన్ని బయటకు తీయకపోవడమే మంచిది.

జాగ్రత్త తప్పి గాయమైతే పసుపు, కాఫీపొడి అద్దుతూ కాలయాపన చేయరాదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కు ఫోను చేయాలి. కంట్లో గుచ్చుకున్నదాన్ని లాగరాదు, కన్ను నులమరాదు.

దుకాణదారులు తెలుగులో అచ్చయిన సూచనల కాగితం ఇచ్చి, యంత్రం నడిపి చూపి మరీ అమ్మడం వాంఛనీయం. వ్యవసాయ అధికారులు రైతు వేదికలలో ఒక పూట శిక్షణ పెట్టి, ఆసాములనే గాక యంత్రం పట్టే కూలీలను కూడా పిలవాలి. అన్నిటికీ మించి, యంత్రం కొన్న చేతితోనే బూట్లు, అద్దాలు కొని కూలీకి ఇవ్వడం ఆసామి కనీస ధర్మం. గట్టు మీద గడ్డి మళ్ళీ మొలుస్తుంది, తెగిన వేలు మొలవదు.