గొంతు గల విద్యాలయము

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణమున క్రొత్త జిల్లాలు వెలసినపుడు పాత వరంగల్లు జిల్లా పలు భాగములైనది. జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానముగ అట్లేర్పడినవే. జిల్లాతోపాటు కలెక్టరు కచేరి వచ్చినది. కాగితములు కదలుటకు దూరము తగ్గినది. సంతోషమే. కాని ప్రాంతమునకు కచేరి ఎంత అవసరమో, తన మాట తాను వినగల సాధనమును అంత అవసరము. ఆ సాధనమును సమకూర్చగల శక్తి ఆయా ప్రాంతముల కళాశాలలకు గలదా యన్నదే ఇచట విచారింపవలసిన విషయము.

ఈ నేల వినికిడి తెలిసిన నేల. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని జన్మస్థలమని ప్రతీతి. దానికి చేరువనే బమ్మెర. పోతన పేరెరిగిన తెలుగువానికి ఆ ఊరిని వేరుగ పరిచయము చేయనక్కరలేదు. సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను చేపట్టినది, చదువు రానివాడును విని పాడుకొనవలెనన్న తలంపుతోనే. మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను ఊరి పందిరి నుండి దేశపు వేదికల దాక నడిపించి 2017లో కన్నుమూసిరి. అట్టి గొంతులు మూగవోయిన పిదప వాటిని పదిలపరచుటకు పరుగెత్తుట వృథా ప్రయాస. ఉన్నపుడే వినవలెను, వినిపింపవలెను.

మహబూబాబాదును జనులు నేటికిని మానుకోట యనియే పిలుతురు. అచటి తండాలలో లంబాడీ, అడవి అంచు గూడెములలో కోయ వినవచ్చును. మొదటిది ఆర్యభాషా కుటుంబమునకు, రెండవది ద్రావిడ కుటుంబమునకు చెందినవి. తరతరములుగ వాడుకలో నిలిచిన సొంత లిపి ఈ రెంటికిని లేదు. బడిలో తెలుగక్షరము దిద్దు తండా పిల్లవాడు తన తల్లి మాటను పుస్తకమున చూడడు, పటమున చూడడు, ఉపాధ్యాయుని నోటను తరచుగ వినడు. క్రమముగ అది గౌరవము లేని మాటయేమో యని అనుమానించును. లిపి లేని భాషకు అచ్చుయంత్రము చేయజాలని మేలు రేడియో చేయగలదు. దానికి కావలసినది అక్షరము కాదు, గొంతు.

ఇది ఊహామాత్రమని త్రోసివేయనక్కరలేదు. అమెరికాలో బానిసత్వము 1865లో రద్దయిన తరువాత, తెల్లవారి విద్యాలయములు తలుపులు మూసికొనియుండగ, నల్లజాతి వారికై అనేక కళాశాలలు పుట్టినవి. రేడియోలోనైనను చాలకాలము వారికి గొంతు లేదు. 1949లో అట్లాంటా నగరమున జెస్సీ బ్లేటన్ అను నల్లజాతీయుడు ఒక కేంద్రమును కొని నడపనారంభించెను. నల్లజాతి యాజమాన్యమున ఆ దేశమున వెలసిన మొదటి కేంద్రమదియే. ఆయన అట్లాంటా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడు కూడ నగుట గమనింపదగినది. తరువాత కళాశాలలే ముందుకు వచ్చినవి. 1971లో వాషింగ్టన్ పోస్టు పత్రిక తన కేంద్రమొకదానిని హోవర్డు విశ్వవిద్యాలయమునకు దానమిచ్చెను. 1972లో హ్యూస్టనులోని టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయము, 1974లో అట్లాంటాలోని క్లార్కు కళాశాల, 1977లో బాల్టిమోరులోని మోర్గాన్ స్టేట్ సొంత కేంద్రములను తెరచినవి. విద్యార్థులు పని నేర్చిరి. చుట్టుప్రక్కల వీధులవారు తమ పాటను, తమ ప్రార్థనను, తమ కష్టసుఖములను తామే వినిరి. కళాశాల గోడ లోపలి విద్య గోడ దాటినది.

ఆ చరిత్రలో హెచ్చరికయు గలదు. 1968లో కేంద్రమును నెలకొల్పిన షా విశ్వవిద్యాలయము 2018లో దానిని అమ్మివేసెను. ఏబదేండ్లు పలికిన గొంతును ఒక్క దస్తావేజుతో చేయి మార్చవచ్చును. కావున స్థాపించుట కంటె నిలుపుకొనుట కష్టము.

అమెరికా దూరమనువారు సంగారెడ్డి జిల్లాలోని మాచునూరును చూడవచ్చును. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, చిరుధాన్యములు పండించు దళిత స్త్రీలు ‘సంఘం రేడియో’ను 2008 అక్టోబరు 15న ప్రారంభించిరి. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యమున దేశమున వెలసిన తొలి గ్రామీణ సమాజ రేడియో అదియే. దానిని నడిపినవారు జనరల్ నరసమ్మ, ఆల్గోలు నరసమ్మ యను ఇరువురు యువతులు. అయితే అంతకు దాదాపు పదేండ్ల ముందే అచట స్టూడియో సిద్ధమైనది. అనుమతి రాలేదు. ఆ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విత్తనములను గూర్చి, పండుగలను గూర్చి, మందుమొక్కలను గూర్చి రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘముల సమావేశములలో వినిపించిరి. అనుమతి వచ్చిన దినమున వారికి పాటలు వెదకుకొను అవస్థ లేకపోయినది.

చట్టము కూడ మెల్లమెల్లగ దారి యిచ్చినది. వాయుతరంగములు ప్రజల ఆస్తి యని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున ప్రత్యేకముగ తీర్పు వ్రాసినవారిలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకును సమాజ రేడియో నడపు అవకాశము లభించెను. 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయము మొదటి కేంద్రమును తెరచెను. 2006 నాటి విధానము నూరు వాట్ల శక్తిని, ముప్పది మీటర్ల స్తంభమును హద్దుగ పెట్టినది. కార్యక్రమములలో సగమైనను స్థానికుల పాల్గొనుటతో తయారు కావలెనన్నది. ఇంత చిన్న కేంద్రము ధ్వని పది కిలోమీటర్ల లోపలనే వినబడును. ఇది లోపము కాదు. పాలకుర్తికి చెప్పవలసినది వేరు, గూడెమునకు చెప్పవలసినది వేరు, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుని యింటికి చెప్పవలసినది వేరు. మూడు జిల్లాలకు ఒక్క గొంతు చాలదు.

ఆక్షేపణలు లేకపోలేదు. చేతిలో సెల్‌ఫోను ఉండగ రేడియో ఏల యందురు. సెల్‌ఫోను దూరపు పాటను దగ్గరకు తెచ్చును. దగ్గరి ముసలమ్మ పాటను ఎవరో కూర్చుండి శ్రద్ధతో పట్టుకొననిదే అదియు వినిపింపజాలదు. వేళ తప్పక నడుపవలసిన కేంద్రము ఆ శ్రద్ధను అలవాటుగ మార్చును. డబ్బెక్కడిదని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఏటేట వ్యయము భరించు హామీ లేనిదే ఏ కళాశాలయు స్తంభము నాటరాదు. సొంత వార్తలు చెప్పరాదన్న నిబంధనయు నున్నది. ఆకాశవాణి వార్తలను అందించుటతో తృప్తి పడవలసినదే. తన ఊరి వంతెన కూలినదని తన ఊరి కేంద్రము వార్తగ చెప్పజాలకుండుట సమంజసము కాదు. దానిని సడలింపుమని అడుగుచునే, పాటకు, కథకు, సేద్యమునకు, ఆరోగ్యమునకు, పాఠమునకు ఉన్న స్వేచ్ఛను వాడుకొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది, ఈ కేంద్రమున మాటలాడువారెవరన్న ప్రశ్న. కళాశాల అధ్యాపకులు ఊరికి ఉపన్యాసమిచ్చు యంత్రముగ దానిని మార్చినచో, స్తంభము నిలిచినను శ్రోత నిలువడు. నేర్పుటకు వచ్చినవాడు నేర్చుకొనుటకును సిద్ధపడవలెను. మాచునూరు స్త్రీలకు అట్టి చోటు దొరికినది కనుకనే వారి రేడియో వారిదైనది.

ఉపాధ్యాయులు అనుమతి పత్రమునకై ఎదురుచూచి కాలము గడుపనక్కరలేదు. ఒక తరగతి విద్యార్థులు, ఒక సెలవు దినము, ధ్వని పట్టగల ఒక సెల్‌ఫోను చాలును. తండాలోని అమ్మమ్మ పాట, గూడెములోని పెద్దాయన చెప్పు వేట కథ, ఒగ్గు కళాకారుని గొంతు, గని నుండి విరమించిన కార్మికుని జ్ఞాపకము: వీనిని వారి అనుమతితో పట్టి, పేరు, ఊరు, తేదీ వ్రాసి పాఠశాల బీరువాలో భద్రపరుపవచ్చును. మొదట తరగతిలో వినిపింపవలెను. తన తల్లి భాష బడిలో మ్రోగగ విన్న పిల్లవాడు తలయెత్తి చూచును. కళాశాల రేడియోకు తొలి శ్రోత వాడే. రేపటి ప్రసారకుడును వాడే కావలెను.